ఏడు వందల ర్యాంకు మణికట్టు: ఒక కేసు

"ఎడమ చేత్తో ఆవకాయ సీసా మూత తీయలేకపోతున్నా మేడమ్" అంది. రోజూ టెన్నిస్ ఆడే అమ్మాయి, నొప్పి ఎక్కడని అడిగితే ఆట సంగతి వదిలేసి సీసా మూత సంగతి చెప్పింది. సగం డయాగ్నోసిస్ ఆ మాటలోనే ఉంది. అది నాకు తట్టడానికి పది వారాలు పట్టింది.

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. పేరు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నేను సికింద్రాబాద్‌లో స్పోర్ట్స్ ఫిజియోని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో బ్యాడ్మింటన్ పిల్లలు ఎక్కువ, ఆ తర్వాత ఆదివారం క్రికెట్ ఆడి సోమవారం కుంటుతూ వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లు. డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ర్యాంకు ఉన్న ఆడపిల్లలు ఏడాదికి ఒకరో ఇద్దరో. వాళ్లకి వైద్యం చేయాలంటే శరీరం ఒక్కటే తెలిస్తే సరిపోదని ఈ కేసులో నేర్చుకున్నాను, అదీ తప్పు చేశాకే.

మొదటి విజిట్

2025 ఫిబ్రవరి. వయసు 23, కుడిచేతి వాటం, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. సింగిల్స్ ర్యాంకు ఏడు వందల పైచిలుకు. నొప్పి ఎడమ మణికట్టులో, చిటికెన వేలి వైపు, వెనక భాగాన. నాలుగు నెలలుగా ఉంది. మొదట్లో ప్రాక్టీస్ అయ్యాక వచ్చేది, ఇప్పుడు మొదటి బంతి నుంచే వస్తోంది. ఫోర్‌హ్యాండ్‌కి, సర్వ్‌కి ఏ ఇబ్బందీ లేదు.

కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ మణికట్టు ఎందుకు చెడుతుందని వాళ్ల నాన్న అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌లో టాప్‌స్పిన్ కోసం రాకెట్ తలని బంతి కిందికి దించినప్పుడు ఎడమ అరచేయి పైకి తిరుగుతుంది, మణికట్టు చిటికెన వేలి వైపు వంగుతుంది. మోచేతి నుంచి ఆ వైపుగా దిగే ఈసీయూ అనే టెండన్ ఒకటుంది. మణికట్టు దగ్గరి ఎముక మీద చిన్న గాడిలో, దాని మీద పలచని తొడుగు కింద కూర్చుని ఉంటుంది. చెయ్యి ఆ భంగిమలో ఉండగా గట్టిగా లాగితే టెండన్ గాడిలోంచి పక్కకి జారాలని చూస్తుంది, తొడుగు పట్టి ఆపుతుంది. ఒకటి రెండుసార్లయితే ఏమీ కాదు. రోజుకి మూడు నాలుగు వందల బ్యాక్‌హ్యాండ్లు, వారానికి ఆరు రోజులు అయితే టెండన్ మందం అవుతుంది, చుట్టూ నీరు చేరుతుంది, ఇంకా లాగితే తొడుగే చిరుగుతుంది.

పరీక్ష తేలికే. మోచేయి బల్ల మీద పెట్టించి, అరచేయి పైకి తిప్పించి, వేళ్లు చాపించాను. బొటనవేలినీ నడిమివేలినీ పట్టుకుని, బొటనవేలిని నా పట్టుకి ఎదురుగా బయటికి నెట్టమన్నాను. నెట్టేది బొటనవేలు, నొప్పి వచ్చింది అవతలి అంచున. మణికట్టుని నిలబెట్టడానికి ఈసీయూ బిగుస్తుంది కాబట్టి అలా వస్తుంది. గ్రిప్, అంటే పిడికిలి బలం, కొలిస్తే కుడి 35 కిలోలు, ఎడమ 22. అల్ట్రాసౌండ్‌లో టెండన్ చుట్టూ నీరు ఉంది, తొడుగు మాత్రం తెగలేదు.

అప్పుడు నేను చేసిన పని ఇదీ: చీటీ మీద "6 వారాలు రాకెట్ ముట్టుకోకూడదు" అని రాసి, స్ప్లింట్ ఇచ్చి, వారానికి రెండుసార్లు రమ్మన్నాను. పుస్తకం ప్రకారం అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఆమె తలూపింది. వాళ్ల నాన్న ఫీజు కట్టారు. ఆ తర్వాత ఇద్దరూ కనపడలేదు.

మార్చిలో ఒకరోజు ఆమె స్కోర్లు ఆన్‌లైన్‌లో వెతికి చూశాను. ట్యునీషియాలోని మొనస్తీర్‌లో ఆడుతోంది. 4-6, 1-3, ఆ పక్కన రిటైర్డ్ అని ఉంది, అంటే మ్యాచ్ మధ్యలో తప్పుకుంది.

రెండో విజిట్

ఏప్రిల్ ఆఖరు వారంలో మళ్లీ వచ్చారు. గ్రిప్ 19 కిలోలకి పడిపోయింది. అరచేయి పైకి తిప్పి మణికట్టు వంచితే అల్ట్రాసౌండ్‌లో టెండన్ గాడి అంచు దాకా ఎక్కి మళ్లీ వెనక్కి దిగుతోంది. పూర్తిగా జారిపోలేదు, అదొక్కటే ఊరట.

ఈలోగా ఒక పెద్ద ఆస్పత్రిలో ఎమ్మారై తీయించారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే వచ్చే వారమే ఆడొచ్చని చెప్పారట. టోర్నమెంట్ ఆడే మనిషన్న సంగతి అక్కడ ఎవరూ అడిగినట్టు లేదు. 2022 జనవరి 1 నుంచి వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధనల్లో ఏ రకం స్టెరాయిడ్ ఇంజెక్షనయినా పోటీ సమయంలో నిషిద్ధమే, కీలు దగ్గర వేసినా సరే. ట్రయామ్సినలోన్ అయితే ఒంట్లోంచి పోవడానికి కనీసం 10 రోజులు వదలాలి. వచ్చే వారం ఆడితే, శాంపిల్ ఇవ్వాల్సివస్తే దొరికిపోయేది. పైగా టెండన్‌కి ఆనించి వేసే స్టెరాయిడ్‌తో టెండన్ బలహీనపడే ప్రమాదం వేరే. అదృష్టం, ఇంజెక్షన్‌కి భయపడి వేయించుకోలేదు. నొప్పి మాత్రలు ఏవి వాడుతోందో చూపించమని సంచీ మొత్తం బల్ల మీద దులిపించాను. ఒక స్ట్రిప్ ట్రమడాల్ కలిసినది. 2024 జనవరి నుంచి అదీ పోటీలో నిషిద్ధం. పక్కింటాయన మిగిలినవి ఇచ్చాడట.

"సానియాకు గూడ మణికట్టే కదా మేడమ్, ఆపరేషన్ చేయించుకుంది కదా" అన్నారు నాన్నగారు. హైదరాబాద్‌లో టెన్నిస్ పేరెంట్స్‌తో మాట్లాడితే మూడో నిమిషంలో సానియా పేరు వస్తుంది, రాకపోతేనే ఆశ్చర్యం. సానియాది కుడి మణికట్టు, ఆడే చెయ్యి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆ నొప్పితోనే మొదటి రౌండ్ మధ్యలో తప్పుకుంది. అప్పటికి ఏడాది ముందే ఆమె ప్రపంచంలో 27వ ర్యాంకు చూసింది. అక్కడి నుంచి కోలుకునే మనిషికి వెనక ఉండే ఏర్పాటు వేరు. మా కేసులో తొడుగు తెగలేదు, ఆపరేషన్ ఊసే అక్కర్లేదు. ఆ మాట చెప్పాక ఆయన మొహం కొంచెం తేలికపడింది.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాను. నేను చెప్పినట్టు ఎందుకు చేయలేదు? కోపంతో అడగలేదు. నిజంగా తెలియకే అడిగాను.

"మీరు ఆరు వారాలన్నరు. పాయింట్లు పోతయి మేడమ్. పోయినంక మల్ల క్వాలిఫయింగ్ల ఆడాలె. టికెట్లు గూడ అప్పటికే బుక్ చేసినం."

పాయింట్ల లెక్క

ఆ రోజు క్లినిక్‌లో వైట్‌బోర్డు మీద ఎముకల బొమ్మ తుడిచేసి ఆమె ఏడాది రాయించాను. నాకూ అంతదాకా సరిగ్గా తెలియదు.

డబ్ల్యూటీఏ ర్యాంకింగ్ 52 వారాల చక్రం. ఏ వారం సంపాదించిన పాయింట్లు మళ్లీ ఏడాదికి అదే వారం రాలిపోతాయి. ఈమె ఆడేది ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టూర్‌లో అన్నిటికంటే కింది మెట్టు, డబ్ల్యూ15, అప్పుడప్పుడు డబ్ల్యూ35. డబ్ల్యూ15 గెలిస్తే 15 పాయింట్లు, ఫైనల్ ఓడితే 10, సెమీస్ 6, క్వార్టర్స్ 3, రెండో రౌండ్‌లో ఓడితే 1. మొదటి రౌండ్‌లో ఓడితే సున్నా. పేరులో 15 ఉందంటే మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లని. సింగిల్స్, డబుల్స్ అంతా కలిపి పంచగా టైటిల్ గెలిచిన అమ్మాయికి రెండున్నర వేల డాలర్ల లోపే వస్తుంది. మొదటి రౌండ్‌లో ఓడితే రెండు వందల లోపు. గ్రాండ్ స్లామ్ అసలు పోటీకి ముందు అర్హత కోసం ఆడే క్వాలిఫయింగ్‌లో అడుగుపెడితే చాలు లెక్క మారిపోతుంది: 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ మొదటి రౌండ్ ఓడినవాళ్లకే 35,000 ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చారు. కాకపోతే అక్కడికి వెళ్లాలంటే సుమారుగా రెండు వందల ముప్పై లోపు ర్యాంకు ఉండాలి. ఏడు వందలకీ దానికీ మధ్య దూరం బోర్డు మీద గీస్తే గీత చాలదు.

ఆమె ఖాతాలో 44 పాయింట్లున్నాయి. ఒక ఫైనల్‌వి 10, రెండు సెమీస్‌వి 12, డబ్ల్యూ35 క్వార్టర్స్‌వి 8, మూడేసి చొప్పున మూడుసార్లు, ఒక్కొక్కటి చొప్పున అయిదుసార్లు. ర్యాంకింగ్‌కి 18 టోర్నమెంట్ల దాకా లెక్కేస్తారు, ఈమెకి పాయింట్లు వచ్చినవి పన్నెండే. వీటిలో మే, జూన్‌ల్లో రాలిపోయేవి ఆ ఫైనల్ 10, ఒక సెమీస్ 6, ఒక 3. కలిపితే 19. అంటే నేను ఫిబ్రవరిలో చెప్పిన "ఆరు వారాలు" అన్న మాట, ఇప్పుడు చెప్పినా సరే, వాళ్లింట్లో వినపడేది "సగం ర్యాంకు" అని. ఆరు నెలలకి పైగా గాయంతో దూరమయ్యేవాళ్లకి ర్యాంకుని కాపాడే నిబంధన ఉంది. ఆరేడు వారాల గాయానికి అలాంటిదేదీ లేదు.

నాన్నగారి ఆలోచన కనీసం ఆ పదైనా నిలబెట్టుకోవాలని. అప్పుడు బోర్డుకి అవతలి పక్క మొనస్తీర్ లెక్క రాశాను. 5 వారాలు ఆడింది. వచ్చినవి 3, 1, 1, రెండు సున్నాలు. మొత్తం 5 పాయింట్లు. ఖర్చు ఎంతయిందంటే ఆయన జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి చూసి చెప్పారు: టికెట్లు, గది, తిండి, గట్టింగ్ (రాకెట్‌కి తీగలు వేయించడం) అన్నీ కలిపి రెండు లక్షల ఎనభై వేలు. పాయింటుకి యాభై ఆరు వేలు. ఫైనల్ దాకా వెళ్లాలంటే వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలవాలి. ఈ చేత్తో ఆ ఐదు వారాల్లో వరసగా గెలిచింది రెండు.

ఆయన బోర్డు వంక చాలాసేపు చూశారు. "అయితే ఆ పది ఎట్లయిన పోయినయే అంటరా?"

"అవి ఫిబ్రవరిలోనే పోయాయండి. మనకి ఇప్పుడు తెలుస్తోందంతే."

ఎమ్మారై రిపోర్టు, అల్ట్రాసౌండ్ బొమ్మ, నా చీటీ, ఇవేవీ చేయలేని పని ఆ భాగహారం చేసింది. ర్యాంకు తొమ్మిది వందలకి దిగినా డబ్ల్యూ15 మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, చోటు దొరికే వారాలుంటాయి. పోయేది డబ్ల్యూ35 అవకాశం, దానికి క్వాలిఫయింగ్ నుంచి రావాలి. అంతవరకు నష్టానికి ఇద్దరూ సిద్ధపడ్డారు. ఆమె అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి "జూలైలో ఆడతానా మేడమ్?" అంది. ఆడతావన్నాను. మనసులో అంత ధీమా లేదు.

చెయ్యి చేసే మిగతా పనులు

రెండోసారి హిస్టరీ మొదటి నుంచి తీసుకున్నాను. రోజుకి ఎన్ని గంటలు ఆడతావంటే రెండున్నర అంది, ఫిబ్రవరిలోనూ అదే చెప్పింది. ఈసారి "పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా చెప్పు" అన్నాను. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా కోకాపేట వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో పిల్లలకి కోచింగ్ ఇస్తోందని అప్పుడు బయటపడింది. "అది ప్రాక్టీస్ కాదు కదా మేడమ్" అంది. పిల్లలతో ర్యాలీ ఆడేటప్పుడు ఆమె కొట్టేది ఎక్కువగా బ్యాక్‌హ్యాండే, వాళ్లు ఫోర్‌హ్యాండ్ నేర్చుకోవాలి కాబట్టి. మణికట్టుకి అది ప్రాక్టీసో కాదో తెలియదు.

తర్వాత టోర్నమెంట్ రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నాను. మ్యాచ్, స్ట్రెచింగ్, గదికి రావడం, స్నానం, బట్టలు ఉతుక్కోవడం.

"చేత్తోనా?"

"హోటల్లో ఒక్కో బట్టకి ఇంత అని తీసుకుంటారు. రోజుకి రెండు జతలు, సాక్స్, రెండు టవల్స్. బాత్రూంలో ఉతికి బాల్కనీలో ఆరేస్తా. పొద్దున్నకి ఆరాలంటే గట్టిగా పిండాలి."

క్లినిక్‌లో టవల్ ఒకటి తడిపి ఇచ్చి పిండమన్నాను. కుడిచెయ్యి అవతలికి, ఎడమచెయ్యి ఇవతలికి తిప్పింది. ఎడమ అరచేయి పైకి తిరిగింది, మణికట్టు చిటికెన వేలి వైపు వంగింది, పిడికిలి బిగిసింది. బ్యాక్‌హ్యాండ్‌లో క్షణంలో పదో వంతు ఉండే భంగిమలో ఇక్కడ అయిదేసి సెకన్లు నిలబడింది. నొప్పి పదికి ఎంతంటే ఏడు. బ్యాక్‌హ్యాండ్‌కి చెప్పింది ఆరు. సీసా మూత అప్పుడు గుర్తొచ్చింది నాకు. మొనస్తీర్‌లో ఐదు వారాలు, మ్యాచ్ లేని రోజున కూడా, చెయ్యి విశ్రాంతి తీసుకుంటోందని ఆమె అనుకున్న గంటలో ఈ పని జరిగింది.

మూడోది రాకెట్. బషీర్‌బాగ్‌లో ఆమెకి చిన్నప్పటి నుంచి గట్టింగ్ చేసే మనిషి దగ్గరికి మూడు రాకెట్లూ పంపాను. ఫుల్ పాలిస్టర్, 54 పౌండ్లు. వేలితో మీటి చూసి "ఇది ఎప్పుడో చచ్చిన తీగ, తెగలేదంతే" అన్నాడట. పాలిస్టర్ కొన్ని గంటల ఆటలోనే సాగే గుణం పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత బంతి దెబ్బ చేతికి తెలుస్తుంది. డబ్బున్నవాళ్లు కోసేసి కొత్తది వేయించుకుంటారు. ఈమె తెగేదాకా ఆడుతుంది. అడ్డ తీగలు మెత్తటి మల్టీఫిలమెంట్‌కి మార్చాం, టెన్షన్ 49కి దించాం. బంతి అదుపు తప్పుతోందని వారం గొణిగింది, తర్వాత అలవాటయింది. ఎడమచేతి గ్రిప్ కూడా మార్చాలని నేను పట్టుబడితే ఆమె కోచ్ ఒప్పుకోలేదు, ఒకేసారి అన్నీ మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదన్నారు. ఆయన మాటే నిలిచింది. ఇప్పుడు చూస్తే అదే మంచిదయింది.

ఇంకొకటి. నాన్నగారిని కింద టీ తాగి రమ్మని పంపి, నెలసరి గురించి అడిగాను. నాలుగు నెలలుగా రాలేదు. "ట్రావెల్‌లో నయమే అనిపించింది మేడమ్" అంది. అక్కడ ఏం తినేదంటే పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం అరటిపళ్లు, రాత్రి పాస్తా, దానికి ఆవకాయ. ఖర్చు తగ్గించాల్సి వస్తే మొదట తగ్గేది తిండి. ఆడే ఆటకి సరిపడా తినని శరీరం హార్మోన్లని ఆపుకుంటుంది, ఎముకలూ టెండన్లూ మానడం నెమ్మదిస్తుంది. గైనకాలజిస్టు దగ్గరికి, డైటీషియన్ దగ్గరికి పంపాను. జూన్ చివర్లో నెలసరి మళ్లీ మొదలైంది.

ఏడు వారాలు

ఈసారి "రాకెట్ ముట్టుకోవద్దు" అనలేదు. మే నెల హైదరాబాద్ ఎండకి పొద్దున అయిదున్నరకే కోర్టుకి వెళ్లేది. సర్వ్, ఫోర్‌హ్యాండ్, ఒంటిచేతి స్లైస్ మొదటి రోజు నుంచే. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ బంద్, పిండడం బంద్, గేటెడ్ కమ్యూనిటీ పిల్లలతో ర్యాలీ బంద్. కోచింగ్ ఫీజు పోకుండా బుట్టలోంచి కుడిచేత్తో బంతులు వేయడానికి మాత్రం ఒప్పుకున్నాను.

మొదటి రెండు వారాలు స్ప్లింట్, కదలిక లేని వ్యాయామాలు: బల్ల అంచుకి చెయ్యి నొక్కి 45 సెకన్లు పట్టడం, అయిదుసార్లు. మూడో వారం నుంచి అరకిలో సుత్తి. పిడి చివర పట్టుకుని మెల్లగా ఇటూ అటూ తిప్పడం. బియ్యం బకెట్‌లో చెయ్యి ముంచి వేళ్లు విప్పడం, మూయడం. వాళ్లమ్మ ఆ బియ్యం తర్వాత వండారా అని అడగలేదు. నాలుగో వారం చివర మెత్తటి గ్రీన్ డాట్ బంతులతో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ 40. తర్వాత 60, 90. ఆరో వారంలో మామూలు బంతులు, 150 దాకా. ఏడో వారం ప్రాక్టీస్ సెట్లు.

నియమం ఒకటే పెట్టాను. ఆడేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, తెల్లారేసరికి పోవాలి. పొద్దున్నే గ్రిప్ కొలుచుకోవడానికి డైనమోమీటర్ ఇంటికిచ్చాను. ముందు రోజుకంటే పదో వంతు తగ్గితే ఆ రోజు సంఖ్య పెంచకూడదు. అయిదో వారంలో ఒకసారి తగ్గింది, 27 నుంచి 23కి. ఏం చేశావంటే ఏమీ లేదంది. తర్వాత చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది, మామిడికాయ పచ్చడికి కాయలు కొట్టడంలో సాయం చేసిందట. ఏడో వారం చివరికి ఎడమ గ్రిప్ 31.

ఆ తర్వాత

జూలై రెండో వారంలో ఒక డబ్ల్యూ15 ఆడి మొదటి రౌండ్‌లో ఓడిపోయింది, 6-7, 4-6. నొప్పి రెండు. ఆ వారమే డబుల్స్ సెమీస్ ఆడింది. ర్యాంకు అప్పటికి తొమ్మిది వందలు దాటింది. ఆగస్టులో రెండుసార్లు క్వార్టర్స్, అక్టోబర్‌లో ఒక సెమీస్, ఒక డబుల్స్ టైటిల్. డబ్ల్యూ35 క్వాలిఫయింగ్ మూడుసార్లు ఆడి ఒక్కసారి మెయిన్ డ్రాకి వచ్చింది. జనవరికి ఎనిమిది వందల్లో ఉంది. చెయ్యి బాగుంది. కెరీర్ ఇదివరకు ఎక్కడుండేదో అక్కడికి కాస్త కిందే ఉంది.

నాన్నగారు ఈమధ్య రైల్వే స్పోర్ట్స్ కోటా గురించి అడుగుతున్నారు. ఆమె ఇంకో రెండేళ్లు అడుగుతోంది. ఆ లెక్క నా బోర్డు మీద తేలేది కాదు. నా పరిధిలో మార్చుకున్నది ఒకటుంది. ఇప్పుడు ప్రొఫెషనల్ టెన్నిస్ వాళ్లెవరొచ్చినా మణికట్టు, భుజం పట్టి చూసే ముందే రాబోయే రెండు నెలల్లో ఏ వారం ఎన్ని పాయింట్లు పోతున్నాయో రాయమంటాను. బట్టలు ఎలా ఉతుక్కుంటారని కూడా అడుగుతాను. కొత్తవాళ్లు నా వంక వింతగా చూస్తారు.

ఫిబ్రవరిలో మళ్లీ మొనస్తీర్ వెళ్లింది. వెళ్లే ముందు పిండకుండా ఆరేయడం ఎలాగో నేర్పాను: తడి బట్టని పొడి టవల్ మీద పరిచి, చాపలా చుట్టి, ఎక్కి తొక్కడం. నీళ్లన్నీ టవల్ లాగేస్తుంది. మొన్న రాత్రి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. బాత్రూం నేల మీద చుట్టిన తెల్ల టవల్, దాని మీద బొబ్బలెక్కి టేపులు వేసిన రెండు పాదాలు. కింద రాసింది: "రెండో రౌండ్. ఇది ఆరితే రేపు ఇదే వేసుకోవాలి మేడమ్."